సంస్థ తనను తాను తూచుకునేటప్పుడు

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఒక సంస్థ తన లోపలి బలాలను, బలహీనతలను ఎలా మదింపు చేసుకోవాలన్న విషయం మీద మాట్లాడమని నన్ను అడిగారు. మీలో వ్యాపారం చేసేవారున్నారు, విద్యాసంస్థల బాధ్యత చూసేవారున్నారు, సేవా సంస్థలు నడిపేవారున్నారు. సిద్ధాంతంతో కాకుండా ఒక నోటు పుస్తకంతో మొదలుపెడితే మనందరికీ అనువుగా ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం ఒక తయారీ సంస్థవారు తమ అంతర్గత మదింపుకు సహాయం చేయమని నన్ను పిలిచారు. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పను. రెండు రోజుల సమావేశం. అధిపతి, ఆయనకు అటూ ఇటూ విభాగాధిపతులు, గోడకు పెద్ద తెల్ల కాగితం. మీ బలాలు చెప్పండి అనగానే మొట్టమొదట వచ్చిన మాట 'సకాలంలో సరఫరా'. ఎవరూ కాదనలేదు. కంప్యూటరులోని నివేదిక కూడా చూపించారు; మాటిచ్చిన తేదీ దాటిన ఆర్డర్లు నూటికి రెండో మూడో మాత్రమే ఉన్నాయి. భోజన విరామంలో నేను సరుకు పంపే విభాగం వైపు వెళ్లాను. అక్కడి గుమాస్తా దగ్గర అట్ట నలిగిపోయిన పొడుగు పుస్తకం ఒకటి ఉంది. అందులో ప్రతి ఆర్డరుకూ మూడు గడులు. మొదటి గడిలో మొట్టమొదట మాటిచ్చిన తేదీ, రెండో గడిలో బండి గేటు దాటిన తేదీ, మూడో గడిలో పెన్సిలుతో, రెండు మూడు మాటల్లో, ఆలస్యానికి కారణం. ఆ పుస్తకం ప్రకారం ప్రతి మూడు ఆర్డర్లలో ఒకటి ఆలస్యంగానే వెళుతోంది.

మరి కంప్యూటరు అబద్ధం చెప్పిందా? లేదు. ఆలస్యమవుతుందని తెలియగానే కొనుగోలుదారుకు ఫోను చేసి కొత్త తేదీ ఒప్పించుకునేవారు, ఆ కొత్త తేదీని పాత తేదీ స్థానంలో ఎక్కించేవారు, నెలాఖరు నివేదిక ఆ కొత్త తేదీతోనే పోల్చి చూసేది. దయచేసి గమనించండి, ఇందులో ఎవరూ మోసం చేయలేదు. ఎవరి పని వారు చేశారు. అయినా ఆ సంస్థ తనకు లేని బలాన్ని ఉన్నదని నమ్ముతూ, ఆ నమ్మకం మీదే మరుసటి ఏడాది ప్రణాళిక వేయడానికి కూర్చుంది. మూడో గడిలో ఏముందో తరువాత చెబుతాను, ఆ మాట గుర్తుంచుకోండి.

నేను ఈ రోజు చెప్పదలచినది నిజానికి ఒక్కటే. సంస్థలో బలహీనత ఎక్కడ ఉందో తెలిసిన మనిషి దాదాపు ఎప్పుడూ ఆ సంస్థలోనే ఉంటాడు. ఆ మనిషికి తెలిసినది, మధ్యలో రంగు మారకుండా, నిర్ణయం తీసుకునే మనిషి బల్ల మీదికి చేరడమే మదింపు. మనం వాడే పట్టికలు, పద్ధతులు, ప్రశ్నావళులు అన్నీ ఆ ప్రయాణానికి సహాయం చేయడానికే ఉన్నాయి. చేయకపోతే అవి ఎంత అందంగా ఉన్నా మనకు పనికిరావు.

స్వాట్ అనే మాట మీరందరూ విన్నదే. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అనే నాలుగు గడుల పట్టిక. 1960ల నాటి అమెరికాలో, సంస్థల ప్రణాళికారచన గురించి జరిగిన కృషిలో నుంచి అది వచ్చింది. మొదటి రెండు గడులు సంస్థ లోపలివి, తరువాతి రెండూ బయటివి. లోపలివి మన చేతిలో ఉన్నవి, బయటివి మన చేతిలో లేనివి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా పట్టికలు ఇక్కడే చెడిపోతాయి. 'కొత్త పోటీదారు వచ్చాడు' అని బలహీనతల గడిలో రాస్తారు. అది బలహీనత కాదు, ముప్పు. ఆ పోటీదారుకు వారంలో సాధ్యమయ్యే పని మనకు నెల ఎందుకు పడుతోంది అన్నది బలహీనత. మొదటిది రాసుకుంటే నిట్టూర్చడం తప్ప చేసేదేమీ ఉండదు. రెండోది రాసుకుంటే రేపు ఉదయం నుంచే పని మొదలుపెట్టవచ్చు.

ఈ పట్టిక ఆచరణలో ఎలా ఉంటోందో పరిశీలించిన ఒక బ్రిటిష్ అధ్యయనం 1997లో వెలువడింది. 1993-94 కాలంలో 20కి పైగా కంపెనీలు చేసుకున్న స్వాట్ మదింపులను అందులో చూశారు. సగటున 40కి పైగా అంశాలున్న పొడవైన జాబితాలు, ఎవరికైనా వర్తించే సాధారణమైన మాటలు, ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చకపోవడం, రాసిన దాన్ని సరిచూసే ప్రయత్నమే లేకపోవడం వారికి కనిపించాయి. అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఆ జాబితాలను తరువాతి ప్రణాళికా దశలో ఎవరూ వాడలేదు. ఆలోచించండి, అంతమంది అన్ని గంటలు కూర్చుని రాసినది ఎవరికీ అక్కరకు రాలేదు! ఎందుకు రాలేదు? నలభై మాటలలో ఏ ఒక్కదాని వెనుకా సాక్ష్యం లేదు కనుక. సాక్ష్యం లేని మాట మీద ఎవరు పెట్టుబడి పెడతారు, ఎవరు మనుషులను కేటాయిస్తారు?

తెలిసినవారికీ నిర్ణయించేవారికీ మధ్య దూరం ఎంత ప్రమాదకరమో చెప్పడానికి నాకు ఒక ఉదాహరణ ఎప్పుడూ గుర్తొస్తుంది, దాని మీద కొంచెం ఎక్కువసేపు నిలుస్తాను. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ బయలుదేరిన 73 సెకన్లకే ఆకాశంలో విచ్ఛిన్నమైపోయింది, అందులో ఉన్న ఏడుగురూ మరణించారు. బూస్టరు రాకెట్టు అతుకు దగ్గర వేడి వాయువును బయటికి రాకుండా ఆపవలసిన రబ్బరు వలయాలు ఆనాటి చలికి బిగుసుకుపోయి తమ పని చేయలేకపోయాయి. ముందు రోజు రాత్రే, బూస్టరు తయారుచేసిన సంస్థ ఇంజనీర్లు, ఇంత చలిలో ప్రయోగం వద్దని టెలిఫోను సమావేశంలో వాదించారు. వారి పై అధికారులు చివరికి ఆ సలహాను వెనక్కి తీసుకున్నారు. ప్రయోగానికి తుది అనుమతి ఇచ్చినవారికి అసలు అలాంటి వాదన ఒకటి జరిగిందన్న సంగతే తెలియదని విచారణ సంఘం తేల్చింది.

ఆ సంఘంలో సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ప్రశ్న వేశారు. నౌక కూలిపోయే అవకాశం ఎంత? దగ్గరుండి పనిచేసే ఇంజనీర్లు నూటికి ఒకటి అన్నారు. యాజమాన్యం లక్షకు ఒకటి అంది. లక్షకు ఒకటి అంటే, రోజుకొక నౌక చొప్పున 300 సంవత్సరాల పాటు పంపితే ఒకటి మాత్రమే పోతుందని అర్థం. ఒకే సంస్థ, ఒకే యంత్రం, ఒకే సమాచారం. రెండు అంచనాల మధ్య వెయ్యి రెట్ల తేడా! ఆ నౌకల కార్యక్రమం 2011లో ముగిసేనాటికి మొత్తం 135 ప్రయాణాలు జరిగాయి, వాటిలో రెండు నౌకలు పోయాయి. ఎవరి అంచనా నిజానికి దగ్గరగా ఉందో మీరే లెక్క వేసుకోండి. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ రబ్బరు వలయాలు అంతకు ముందు ప్రయాణాల్లో కూడా కాలినట్టు, అరిగినట్టు కనిపించాయి. నౌక క్షేమంగా తిరిగి వచ్చింది కనుక, అది భరించదగినదే అని సరిపెట్టుకున్నారు. మన సంస్థల్లో మనం చేసేది ఇదే కాదా? ఇంతవరకు ఏమీ కాలేదు కాబట్టి ఇది బలహీనత కాదు అనుకోవడం లేదా? ఇంతవరకు ఏమీ కాకపోవడం బలానికి సాక్ష్యం కాదు. చాలాసార్లు అది అదృష్టానికి మాత్రమే సాక్ష్యం.

ఇక బలాల దగ్గరికి వద్దాం. బలాల జాబితాలో నేను దాదాపు ప్రతిచోటా చూసిన మాట 'అంకితభావం గల సిబ్బంది'. ఆ మాట నిజం కాదని నేను అనడం లేదు. కానీ మీ పోటీదారు గోడ మీద కూడా అదే మాట రాసి ఉంటే అది మీకు ఏ విధంగా బలం? జే బార్నీ అనే ఆచార్యుడు 1991లో ఈ విషయాన్ని శాస్త్రీయంగా ముందుకు తెచ్చారు, తరువాత ఆయనే దాన్ని నాలుగు ప్రశ్నలుగా కుదించారు. మన దగ్గరున్న వనరు నిజంగా ఎవరికైనా విలువైనదా? ఇతరుల దగ్గర లేనిదా? ఇతరులు కావాలనుకున్నా తేలికగా తెచ్చుకోలేనిదా? దాన్ని వాడుకునేలా మన సంస్థ అమరి ఉందా? మొదటి మూడు ప్రశ్నలకు అవునని, నాలుగోదానికి కాదని చెప్పవలసి వచ్చే సంస్థలను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఇరవై ఏళ్ల అనుభవమున్న నిపుణుడు ఉంటాడు, కానీ ఆయన సమయమంతా బిల్లులు సరిచూడడానికే సరిపోతుంది. పదేళ్ల వినియోగదారుల సమాచారం ఉంటుంది, దాన్ని తెరిచి చూసే పని ఎవరికీ అప్పగించలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు ఊరికే అనలేదు. బయటి నుంచి సలహాదారును పిలిచి అడిగే ప్రశ్నకు సమాధానం చాలాసార్లు పక్క గదిలోనే కూర్చుని ఉంటుంది.

మరొక ముఖ్యమైన సంగతి. బలం అనేది వస్తువులా ఒకచోట స్థిరంగా ఉండదు. ఏ పనికి బలం, ఎవరితో పోలిస్తే బలం అని అడగకపోతే దానికి అర్థమే లేదు. ఫొటో ఫిల్ము పరిశ్రమను చూడండి. కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు 1975లోనే డిజిటల్ కెమెరా తయారుచేశారు. అంటే రాబోయే మార్పు తెలిసిన మనిషి ఆ సంస్థలోనే ఉన్నాడు. ఫిల్ము, ఫిల్ము కడిగే రసాయనాలు, ఫొటో కాగితం ఇవి తమ బలమని సంస్థ నమ్మింది, ఆ రోజుకు అది నిజమే కూడా. 2000 తరువాత ఫిల్ము గిరాకీ కూలిపోయింది. 2012 జనవరిలో కొడాక్ దివాలా చట్టం కింద రక్షణ కోరింది.

అదే గిరాకీ పతనం జపాన్‌లోని ఫ్యూజీఫిల్మ్‌కు కూడా ఎదురైంది. కానీ వారు తమ బలం ఏమిటన్న ప్రశ్నను మరో విధంగా వేసుకున్నారు. మనం ఏమి అమ్ముతున్నాం అని కాక, మనకు ఏమి చేయడం తెలుసు అని అడిగారు. ఫిల్ములో వాడే జెలటిన్, మన చర్మంలోనూ ఉండే కొలాజెన్ అనే ప్రోటీను నుంచి వచ్చేదే, కాబట్టి కొలాజెన్ గురించి తెలుసు. ఫొటో రంగు వెలిసిపోకుండా ఆక్సీకరణను ఆపడం తెలుసు. అతి పలుచని పొరలను సమంగా పూయడం తెలుసు. మొదటి రెండు తెలివిడులతో 2007లో చర్మ సంరక్షణ ఉత్పత్తులు తెచ్చారు. పొరల నేర్పు ఎల్‌సీడీ తెరలకు కావలసిన ఫిల్ముల తయారీకి ఉపయోగపడింది. కొడాక్‌కు అలాంటి తెలివిడులు లేవని మాత్రం అనుకోకండి, అది ఆ సంస్థకు అన్యాయం చేయడమవుతుంది. దానికి పెద్ద రసాయన విభాగమే ఉండేది, 1994లో దాన్ని వేరే సంస్థగా విడదీశారు. ఆ నిర్ణయానికి ఆనాటి కారణాలు ఆనాటివి. కానీ మదింపు చేసేవారిగా మనం నేర్చుకోవలసినది ఉంది: బలాన్ని ఉత్పత్తి పేరుతో రాసుకుంటే ఆ ఉత్పత్తితోనే అది పోతుంది, నేర్పు పేరుతో రాసుకుంటే మరొక చోట మొలకెత్తే అవకాశం ఉంటుంది.

ఒకప్పటి బలమే తరువాత సంకెల కావడం గురించి డొరొతీ లెనార్డ్-బార్టన్ అనే నిర్వహణ శాస్త్ర పరిశోధకురాలు 1992లో వివరంగా రాశారు. దాని సారాంశం మాత్రం చెప్పి ముందుకు వెళతాను. ఒక పనిలో మనం ఎంత నిష్ణాతులమైతే, ఆ పని అక్కరలేని రోజు వచ్చిందని ఒప్పుకోవడం మనకు అంత కష్టమవుతుంది. కాబట్టి బలాల గడిలో ఉన్న ప్రతి మాట పక్కనా ఈ ప్రశ్న రాసుకోండి: దీన్ని కాపాడుకోవడం కోసం మనం ఏ కొత్త పనిని వాయిదా వేస్తున్నాం?

ఇప్పుడు ఎక్కడ వెతకాలి అన్న సంగతి. అన్ని విభాగాలనూ ఇక్కడ ఏకరువు పెట్టను, మీకు తెలిసినవే. కానీ డబ్బు గురించి కొంచెం ఆగాలి, ఎందుకంటే లాభంలో ఉన్న సంస్థలు కూడా మూతపడతాయన్న మాట చాలామందికి ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఒక సంస్థ తనకు ముడిసరుకు ఇచ్చినవారికి 30 రోజుల్లో చెల్లిస్తుంది, తన సరుకు కొన్నవారి నుంచి 90 రోజులకు వసూలు చేస్తుంది అనుకుందాం. మధ్యలో 60 రోజులు. ఆ 60 రోజుల పాటు ముడిసరుకు డబ్బు, జీతాలు, అద్దె అన్నీ సంస్థ తన చేతి నుంచే పెట్టుకోవాలి. ఇప్పుడు అమ్మకాలు రెండింతలయ్యాయి. అందరూ సంతోషిస్తారు. గోడ మీద బలాల గడిలో 'వేగవంతమైన వృద్ధి' అని రాస్తారు. కానీ ఆ 60 రోజుల ఖాళీలో పెట్టవలసిన డబ్బు కూడా రెండింతలైంది కదా! లాభనష్టాల ఖాతాలో లాభం కనిపిస్తూనే ఉంటుంది, బ్యాంకు ఖాతాలో మాత్రం జీతాల రోజుకు సొమ్ము ఉండదు. ఇక్కడ వృద్ధి బలమా, బలహీనతా? వసూళ్ల గడువు తగ్గనంతవరకు ఆ సంస్థకు ప్రతి కొత్త ఆర్డరూ ఒక కొత్త భారమే. ఈ సంగతి ముందుగా తెలిసేది ఎవరికి? వసూళ్ల కోసం రోజూ ఫోన్లు చేసే ఉద్యోగికి. ఆ ఉద్యోగిని మదింపు సమావేశానికి పిలిచిన సంస్థలను నేను చాలా తక్కువగా చూశాను.

సేవా సంస్థలవారు ఇది తమకు వర్తించదనుకోవద్దు. మీ ఆదాయంలో సగానికి పైగా ఒకే దాత నుంచి వస్తుంటే, ఆ దాత మనసు మారిన రోజు మీ కార్యక్రమాలలో ఏవి మిగులుతాయో ఈ రోజే లెక్క వేసుకోండి. మనుషుల విషయంలోనూ అంతే. ఒక పని ఒకే వ్యక్తికి తెలిసి ఉంటే, ఆ వ్యక్తి ఎంత సమర్థుడైతే ఆ బలహీనత అంత పెద్దది. ఆయన నెల రోజులు సెలవు పెడితే ఏ పని ఆగిపోతుందో రాసుకోండి, మీ సంస్థ నిజమైన పటం కనిపిస్తుంది. ఇక రాజీనామా చేసినవారు. వారు వెళ్లిపోయే రోజున చెప్పే మర్యాదపూర్వకమైన కారణాన్ని కాకుండా, ఏ విభాగం నుంచి, ఏ అధికారి కింద నుంచి, ఎన్నో నెలలో వెళ్లారో వరుసగా పేర్చి చూడండి.

సమావేశం జరపడం గురించి నా అనుభవంలో తేలిన రెండు మూడు సంగతులు చెబుతాను. అధిపతి ముందుగా మాట్లాడితే మదింపు అక్కడితో అయిపోయినట్టే; ఆ తరువాత వచ్చేవన్నీ ఆయన మాటకు వ్యాఖ్యానాలే. అందుకని చర్చకు ముందే ప్రతి ఒక్కరూ విడివిడిగా, పేరు లేకుండా, కాగితం మీద రాసి ఇవ్వాలి. మాట్లాడే వంతు వచ్చినప్పుడు అందరికంటే చిన్న హోదా ఉన్న మనిషితో మొదలుపెట్టాలి. ప్రతి అంశం పక్కనా సాక్ష్యం అనే గడి ఉండాలి, ఆ గడి ఖాళీగా ఉంటే ఆ అంశాన్ని కొట్టివేయకండి, కానీ 'సరిచూడవలసినది' అని వేరే పెట్టండి. చివరికి ఐదారు అంశాలు మిగలాలి, నలభై కాదు. ఒక్కొక్క దానికి ఒక బాధ్యుడు, ఒక తేదీ.

మీలో కొందరి మనసులో ఒక సందేహం ఉంటుంది, విరామంలో ఒకరు నన్ను అడిగారు కూడా. కింది ఉద్యోగి నిజం చెబితే అతనికి హాని జరగదా? జరగవచ్చు. అందుకే ఈ మాట అధిపతులతోనే చెబుతున్నాను. నిజం చెప్పిన మొదటి మనిషికి ఏమి జరిగిందో సంస్థలో అందరూ చూస్తారు. ఆ మనిషిని బదిలీ చేసిన సంస్థకు రెండోసారి ఎవరూ నిజం చెప్పరు. అప్పుడు మీరు ఏ పద్ధతి వాడినా, ఏ నిపుణుడిని పిలిచినా, గోడ మీదికి వచ్చేది మీకు నచ్చే మాటలే. ఒక సంస్థకు ఇంతకు మించిన బలహీనత నాకు తెలియదు, కానీ దాన్ని ఏ జాబితాలోనూ రాసి ఉండగా నేను చూడలేదు.

ఇప్పుడు ఆ నోటు పుస్తకంలోని మూడో గడి. మధ్యాహ్నం ఆ గుమాస్తా గారి అనుమతితో పుస్తకాన్ని సమావేశానికి తీసుకువెళ్లాను, ఆయనను కూడా రమ్మన్నాను. మూడో గడిలోని కారణాలను ఒక్కొక్కటే చదివాం. యంత్రం పాడైందని కొన్నిచోట్ల ఉంది, సరుకు రాలేదని కొన్నిచోట్ల ఉంది. అన్నిటికంటే ఎక్కువసార్లు ఉన్న మాట 'సంతకం కాలేదు'. గదిలో అందరికీ అర్థమైంది. చిన్న కొనుగోలు నుంచి పెద్ద డ్రాయింగు దాకా ప్రతిదానికీ అధిపతి సంతకం కావాలి, ఆయన వారానికి మూడు రోజులు ప్రయాణాల్లో ఉంటారు. అంటే ఆ సంస్థలో ఆలస్యం అన్నిటికంటే ఎక్కువగా అధిపతి బల్ల దగ్గరే పేరుకుపోతోంది. ఉదయం గోడ మీద ఆ మాట ఎందుకు రాలేదో వేరే చెప్పాలా? ఆయన గదిలోనే కూర్చుని ఉన్నారు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పుస్తకం తన వైపు తిప్పుకుని, పేజీలు వెనక్కి తిప్పుతూ, ఆ మాట ఉన్న చోటల్లా వేలు పెట్టి లెక్కపెట్టారు. తరువాత గుమాస్తా గారితో, "ఇది మీరు ఎన్నాళ్లుగా రాస్తున్నారు?" అని అడిగారు. "నాలుగేళ్ల నుంచండీ, ఎవరూ అడగలేదండీ" అన్నారు ఆయన. ఆ సాయంత్రమే, ఒక పరిమితి లోపల ఉన్న వాటికి విభాగాధిపతులే సంతకం చేసేలా ఉత్తర్వు తయారైంది. కంప్యూటరులో మొదటి తేదీని ఎవరూ మార్చడానికి వీలు లేకుండా కొత్త తేదీకి వేరే గడి పెట్టారు.

ఎనిమిది నెలల తరువాత మళ్లీ అక్కడికి వెళ్లినప్పుడు నేను నేరుగా సరుకు పంపే విభాగానికే వెళ్లాను. పుస్తకం మారింది, కొత్తది, కానీ గడులు అవే మూడు. 'సంతకం కాలేదు' అన్న మాట ఇంచుమించు కనిపించలేదు. ఆ గుమాస్తా గారు పేజీలు తిప్పి ఒకచోట ఆపి, పెన్సిలు మొనతో మరొక మాట చూపించారు. 'పరీక్ష గది ఖాళీ లేదు' అని ఉంది, ఒకదాని కింద ఒకటి, ఏడు సార్లు. "రేపటి సమావేశానికి నన్ను కూడా రమ్మన్నారండీ, ముందుగా దీని సంగతే చెబుతాను" అన్నారు.